రక్తపిశాచికి అవుట్‌పాస్ ఎవరిచ్చారు?

వార్డెనుగారికి లోకంలో ఏది చూసినా హాస్టలుగానే కనబడేది. సినిమాకి తీసుకెళ్తే, హీరోయిన్ వానలో తడుస్తూ పాడుతుంటే, "ఆ బట్టలన్నీ ఎక్కడ ఆరేస్తుందట?" అని పక్కసీటువాళ్ళని అడిగేది. పెళ్ళికి వెళ్తే వధూవరుల మొహం చూడకుండా, భోజనాల దగ్గర వరస ఎలా నిలబెట్టారో చూసి వచ్చేది. చావింటికి పరామర్శకెళ్ళినా కళ్ళు తుడుచుకుంటూనే, "ఇంతమందికీ ఒకటే బాత్‌రూమా?" అని వాపోయేది.

ఆవిడ హాస్టలున్న బడి కొండవాలులో ఒక పాత రాతి భవనం. ఏడాదిలో ఎక్కువ భాగం పొగమంచో, వానో. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవాలి. గోడలకి నాచు, దుప్పట్లకి చెమ్మ, పిల్లల గొంతుల్లో ఎప్పుడూ దగ్గు. కొత్తగా చేరిన డ్రాయింగు టీచరుకి వార్డెనుగారి పక్కగదే ఇచ్చారు. ఆ గదిలో అడుగు పెట్టగానే, ఏ పిశాచమైనా ఏరికోరి కాపురం పెట్టే చోటే ఇది అనుకుంది.

పిశాచం నిజంగానే వచ్చింది, పుస్తకరూపంలో. ఆ ఏడు ఆడపిల్లలందరికీ ఒక మాంగా పిచ్చి పట్టుకుంది. నల్ల అట్టల జపాను బొమ్మల నవల, భాగాలు భాగాలుగా వస్తుంది. అందులోనూ ఒక బోర్డింగు స్కూలు. ఎవరూ లేని ఒక అమ్మాయి. కళ్ళమీద జుట్టు పడే, పాలిపోయిన మొహంతో ఉండే ఒక సీనియరు. వాడు రక్తపిశాచి. ఇద్దరూ గంటగోపురం మీద కలుసుకుంటారు. వాడికి ఆ అమ్మాయి మీద ప్రేమ, ఆమె మెడ మీద ఆకలి. రెండింటి మధ్యా నలిగిపోతూ వాడు ఏడుస్తాడు, ఆమె ఏడుస్తుంది, చదివి హాస్టలంతా ఏడుస్తుంది.

వార్డెనుగారు దిండ్లకింద సోదా చేసి పుస్తకాలన్నీ పట్టుకుపోయింది. అవి పొయ్యిలోకే వెళ్ళాయనుకుంది డ్రాయింగు టీచరు. మర్నాడు టీ దగ్గర అసలు సంగతి తెలిసింది.

"ఏం స్కూలమ్మా అది," అంది వార్డెనుగారు కప్పు కిందపెట్టి. "అర్ధరాత్రి పిల్ల గోపురమెక్కుతోంది. వాడికీ పిల్లకీ అవుట్‌పాస్ ఎవరిచ్చారు?"

"కథ కదా మేడమ్."

"కథైతే మాత్రం? పిల్లకి అంత రక్తం పోతోంది, ఒక్క ఐరన్ మాత్ర వేసే దిక్కు లేదు. వాడేమో మూడొందల ఏళ్ళుగా అదే క్లాసులో ఉన్నాడు. ఒక్క మాస్టారికీ అనుమానం రాలేదు."

మొదటి భాగాన్ని ఆవిడ తిరగేసి చదివింది. మాంగాని కుడినుంచి ఎడమకి చదవాలని తెలీదు. అందుకని ఆవిడ లెక్కలో కథ వాడు మెడ కొరకడంతో మొదలై, ఇద్దరూ ఒకరికొకరు ఎవరో తెలియకుండా ఎవరి గదికి వాళ్ళు పోవడంతో ముగిసింది. "చివరికి బుద్ధొచ్చింది, పోనీలే," అని ఎంతో సంతోషించింది. అసలు పద్ధతి తెలిశాక రెండు రోజులు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

వానలు బాగా ముదిరిన రోజుల్లో ఒక కొత్తమ్మాయి వచ్చింది. తల్లి పోయి ఎన్నాళ్ళో కాలేదు. తండ్రి ట్రంకుపెట్టె దింపి, ఏం మాట్లాడాలో తెలియక పిల్ల భుజం తట్టి, వెళ్ళిపోయాడు. ఆ పిల్ల ఏడవదు, గొడవ చెయ్యదు, కంచంలోది అటూ ఇటూ కెలికి లేస్తుంది. తోటిపిల్లలు జాలిపడి, ఎక్కడో దాచిన నల్లట్టల పుస్తకం ఒకటి ఇచ్చారు. అది పట్టుకుని డాబా మెట్ల మీద, మూసిన తలుపు దగ్గర కూర్చునేది.

వార్డెనుగారు ఆ పుస్తకం మాత్రం లాక్కోలేదు. తన కుర్చీ తెచ్చి ఆ మెట్ల కింద వేసుకుంది.

"ఇక్కడెందుకు మేడమ్? ఈదురుగాలి కొడుతోంది," అంది డ్రాయింగు టీచరు.

"నాకు ఉక్క," అంది వార్డెనుగారు శాలువా బిగించుకుంటూ.

అలా కూర్చుని, చిరిగిన దుప్పట్లు కుట్టుకుంటూ, రక్తపిశాచి నడవడిక గురించి పై మెట్టు మీది పిల్లకి వినబడేలా విమర్శలు చేసేది. వాడి గది ఊడ్చినట్టే లేదనీ, ఆ పొడుగు కోటు ఎప్పుడూ ఉతికినట్టు లేదనీ. పైన పేజీ తిప్పే చప్పుడు కాసేపు ఆగేది.

ఇంతలో పిల్లలు తెప్పించుకున్న ఆఖరి భాగం పార్సిల్లో వచ్చింది. వార్డెనుగారే ముందు చదివింది. ఆ రోజు టీ దగ్గర పిశాచి ఊసే ఎత్తలేదు. పిల్లలు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడి బతిమాలితే, "ఇంకా పూర్తవలేదు," అని పంపేసింది. తరవాత తలుపు దగ్గరకి వేసి, ఆఖరి పేజీలు డ్రాయింగు టీచరు ముందు పెట్టింది.

ఆ అమ్మాయి గోపురం అంచున నిలబడి ఉంది. "నా కోసం ఎదురుచూసేవాళ్ళు ఇక్కడెవరూ లేరు," అంటుంది. వాడి చెయ్యి పట్టుకుని పొగమంచులోకి అడుగు వేస్తుంది. తరవాత పేజీ అంతా నలుపు.

"ఎంత అందంగా గీశారో," అంది డ్రాయింగు టీచరు.

"అందంగానే ఉంది. అదే నా భయం." వార్డెనుగారు గొంతు తగ్గించింది. "నిన్న మన కొత్తపిల్లని భోజనానికి రమ్మన్నాను. 'నాకోసం ఎవరూ చూడట్లేదుగా,' అంది. హాస్టలుకి వచ్చాక నాతో అన్న మొదటిమాట అదే. నువ్వు ఓ నాలుగు పేజీలు గియ్యి."

"వేరేవాళ్ళ కథ మేడమ్. మనం మార్చకూడదు."

"నేను కథ మార్చట్లేదమ్మా. ఆ స్కూల్లో వార్డెను పోస్టు ఖాళీగా ఉంది. భర్తీ చేస్తున్నాను."

ఆదివారమంతా పని జరిగింది. వార్డెనుగారు చంకలో దుప్పటితో, బొమ్మ కోసం బల్ల ఎక్కి నిలబడింది. నడుము కాస్త తగ్గించమంది. మాంగాలో అందరికీ కళ్ళు మొహంలో సగం ఉంటాయని, వాటిలో చుక్కలు మెరవాలని టీచరు చెబితే ఆలోచించి, "మంచిదే. అంతేసి కళ్ళుంటే ఏ పిల్లా నా కంటపడకుండా దాక్కోలేదు," అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇంటర్వెల్లో, ఆఖరి పేజీల చోట కొత్తవి అంటించిన పుస్తకాన్ని వార్డెనుగారు కొత్తమ్మాయి చేతికిచ్చింది. టీచరు వరండా స్తంభం పక్కన నిలబడి చూసింది. బయట వాన ధారగా పడుతోంది. పిల్ల డాబా మెట్ల మీద కూర్చుని మెల్లగా చదువుతూ, జిగురింకా ఆరని పేజీ దగ్గర ఆగింది.

గోపురం మెట్లమీద రొప్పుకుంటూ ఒక పెద్దావిడ ఎక్కివస్తోంది. చంకలో దుప్పటి. "బాబూ, నీకు మూడొందల ఏళ్ళు. దానికింకా పదమూడు నిండలేదు. చెయ్యి వదులు," అంటోంది పిశాచితో. తరవాత అమ్మాయి వైపు తిరిగింది. "అందరూ వచ్చారో లేదో చూసుకుంటేగాని నాకు నిద్రపట్టదు. నువ్వు రాలేదు. కింద చూసి చూసి, నేనే పైకి వచ్చాను." ఆఖరి బొమ్మలో పిశాచి సిక్‌రూములో దుప్పటి కప్పుకుని ఐరన్ మాత్ర మింగుతున్నాడు.

పిల్ల బొమ్మని చూసింది, కింద కుర్చీలో ఉన్న మనిషిని చూసింది.

"ఇది మీరేనా?"

"నాకేం తెలుసు," అంది వార్డెనుగారు సూదిలోకి దారం ఎక్కిస్తూ. "రాసినవాళ్ళెవరో బాగా తెలివైనవాళ్ళు."

"కళ్ళు మీవి కావు."

"అది డ్రాయింగు టీచరు నిర్వాకం," అనేసి నాలిక కరుచుకుంది.

పిల్ల నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ, ఇన్నాళ్ళూ రాని ఏడుపు ఏడ్చింది. వార్డెనుగారు మెట్లెక్కి వెళ్ళి పక్కన కూర్చుని, కుడుతున్న దుప్పటే ఇద్దరికీ కప్పింది.

"అసలు పేజీలు నా దగ్గరే ఉన్నాయి. దాచను. చదవాలనిపించినప్పుడు అడుగు, ఇస్తాను. పక్కన కూర్చుంటాను కూడా. ముందు భోంచెయ్యి."

కొన్ని వారాలకి ఆ పిల్ల అడిగింది, వార్డెనుగారు ఇచ్చింది, పక్కన కూర్చుంది. చదివి తిరిగిచ్చేస్తూ, "మన పిశాచే బాగున్నాడు మేడమ్," అంది పిల్ల.

అప్పటినుంచి డ్రాయింగు టీచరుకి ఆదివారాలు లేవు. సిక్‌రూము పిశాచి కథ నడవాల్సిందేనని హాస్టలంతా పట్టుబట్టింది. మాటలు రాసేది కొత్తమ్మాయే. కొత్త భాగంలో వార్డెను అరుపులకి తాళలేక పిశాచి వేరే హాస్టలుకి దరఖాస్తు పెట్టుకున్నాడు.

అది చదివి వార్డెనుగారు మండిపడింది. "నేనెప్పుడైనా ఇలా అరుస్తానా?" అని అడిగింది. ఆ అడిగిన గొంతుకి వరండా పొడుగునా గదుల తలుపులన్నీ తెరుచుకున్నాయి.