చల్లారని క్రూసిబుల్

ఎనభైల మధ్యలో పల్నాడులోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టుగా పనిచేశాను. ఆ ఉద్యోగం మాటెత్తితే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

క్వారీ కోసం చూసే పొలాల రాళ్లు ముందు మా దగ్గరికే పరీక్షకు వచ్చేవి. ఒకసారి బొల్లాపల్లి వైపు నుంచి రాతి సంచీ వెనకే ఆ చేను గల ముసలామె కూడా వచ్చేసింది. రైతులెవరైనా తమ నేలను పొగుడుకుంటారు. ఈమె తిట్టింది.

"అది ఉత్త దరిద్రపు రాయమ్మాయ్. పనికిరాని రాయి అని రాయి తల్లీ. ఆ రెండెకరాల మిరపచేను తప్ప నాకేం లేదు."

సిలికా నూటికి పద్నాలుగు పాళ్లు దాటితే ఆ రాయి మాకొద్దు. చేను ఆమెకే ఉంటుంది.

అరగ్రాము పొడిని సోడాతో కలిపి కరిగించి, యాసిడ్ పోసి ఎండగట్టాను. కరగకుండా మిగిలిన సిలికాను వడగట్టి, కడిగి, క్రూసిబుల్‌లో పెట్టి ఫర్నేసులో కాల్చాను. రెండు రోజుల పని. ఇక ఆ క్రూసిబుల్ డెసికేటర్‌లో, అంటే తేమ తగలని మూత గాజుపాత్రలో, అరగంట చల్లారాలి. వేడిగా తూస్తే దాని చుట్టూ గాలి పైకి లేస్తూ త్రాసు పళ్లేన్ని కూడా ఎత్తుతుంది, బరువు తక్కువ చూపిస్తుంది. డిగ్రీ మొదటేడు పిల్లలకైనా తెలుసు ఇది.

మా పెద్ద కెమిస్టుకు తెలియదా? బ్రహ్మాండంగా తెలుసు. కానీ రిపోర్టు తీసుకెళ్లే జీపు బయట హారన్ కొడుతోంది. పది నిమిషాలకే మూత తీసి, క్రూసిబుల్‌ను త్రాసులో పెట్టేశాడు.

"ఇంకా చల్లారలేదు సార్."

"నాకు పాఠాలు చెప్పబాక. పదమూడు పాయింట్ ఆరు. రాయి."

రాశాను. సంతకం కూడా పెట్టాను.

జీపు పోయాక, పూర్తిగా చల్లారనిచ్చి అదే క్రూసిబుల్‌ను మళ్లీ తూచాను. నాలుగు మిల్లీగ్రాములు పెరిగింది. లెక్క కడితే పద్నాలుగు పాయింట్ నాలుగు. పరుగున వెళ్లి ఆయనకు చూపించాను.

"జీపెళ్లిపోయింది గదా, ఇంకేంది నీ గోల?" అని టీ తాగడానికి పోయాడు. ఆ క్రూసిబుల్‌ను ఆయన నెత్తిన బోర్లించాలన్నంత కోపం వచ్చింది. పళ్లు కొరుక్కుని ఊరుకున్నాను, అదీ నా పౌరుషం.

సాయంత్రం గేటు దగ్గర, రెండు రోజులుగా కాచుకున్న ముసలామె ఇంకా కూర్చునే ఉంది.

"రాశావా తల్లీ?"

"రాశాను మామ్మా."

ఆమె నా కుడిచేతిని రెండు చేతులతో పట్టుకుని కళ్లకద్దుకుంది. ఆ వేసవిలోనే మిరపచేలో డ్రిల్లింగ్ మిషన్ దిగింది.