మంగరాజు మాస్టారి నలభై రెండో ప్రతిపాదన

మంగరాజు మాస్టారు బీడీ ముట్టరు, జీలుగు కల్లు జోలికి పోరు, పేకాట రాదు. ఆయనకున్నది ఒకే ఒక్క వ్యసనం: కంప్యూటర్ భాషకు కొత్త వ్యాకరణం ప్రతిపాదించడం.

2003లో గుమ్మలక్ష్మీపురంలో ఒక ట్రస్టువాళ్ళు పెట్టిన కంప్యూటర్ సెంటర్‌కు ఆయన పెద్ద మాస్టారు. చిన్న మాస్టారు రమణి. కంప్యూటర్లు నాలుగు, అదీ కరెంటు ఉన్నప్పుడు. ఊరంతా నేర్పే భాషలు ఆయన కంటికి ఆనవు. ఎక్కడినుంచో సీడీలో తెప్పించిన ఒక ఫంక్షనల్ భాష నేర్పేవారు. అదేమిటని రమణి మొదటిరోజే అడిగింది.

"పిండిమర లాటిదమ్మా. సోళ్ళు పోస్తే సోడిపిండే వస్తాది. ఇవాళ పోసినా అదే, రేపు పోసినా అదే. మాట తప్పదు" అన్నారు మాస్టారు.

ఆ భాషను తయారుచేసినవాళ్ళు ఏదో చలిదేశంలో ఉంటారు. మార్పులేమైనా కావాలంటే ఎవరైనా రాయవచ్చని మర్యాదకు ఒక ముక్క అన్నారు. మాస్టారు దాన్ని పెళ్ళిపిలుపుగా తీసుకున్నారు.

ఆ భాషలో చెయ్యవలసిన పని ముందొస్తుంది, వస్తువు తరవాతొస్తుంది. మేము 'సోళ్ళు విసురు' అంటాం గాని 'విసురు సోళ్ళు' అనం, కాబట్టి పని చివరికి రావాలని మాస్టారు రాశారు. ఎవరి భాష వాళ్ళదని జవాబొచ్చింది. తెరిచిన బ్రాకెట్లన్నిటినీ ఒక్క పెద్ద బ్రాకెట్టుతో మూసెయ్యాలని ఇంకోసారి రాశారు. సాయంత్రం గూటికి ఒక్క తలుపే వేస్తాం గాని కోడికో తలుపు వెయ్యం కదా అని ఇంగ్లీషులో ఉదాహరణ కూడా ఇచ్చారు. ముప్పై ఏళ్ళ కిందట ఎవరో ఆ పని చేసి లెంపలేసుకున్నారని జవాబు. 'అయితే' రాసినవాడు 'కాకపోతే' రాయడం మరిచిపోతే, 'కాకపోతే ఊరుకో' అని యంత్రమే అర్థం చేసుకోవాలన్నారు. దానికి 'నో' అని ఒక్క ముక్క వచ్చింది.

'నో' వచ్చిన రోజు మాస్టారికి మరీ హుషారు. "సదివినారన్నమాట" అని అందరికీ టీ చెప్పేవారు.

మెయిలు ఫోను లైను మీదే పోవాలి, అది పోయినంతసేపూ సెంటర్ ఫోను పనిచెయ్యదు. ట్రస్టు పెద్ద ఒకసారి రెండు గంటలు ప్రయత్నించి, చివరికి మనిషిని బస్సెక్కించి పంపాడు. రమణికి ఒళ్ళు మండేది. పిల్లలకు పాఠం చెప్పక ఈ ఉత్తరాలేమిటని ఆమె బాధ.

అంతలో రాజకుమారి రావడం మానేసింది. కొండమీది ఊరినుంచి రోజూ రెండు గంటలు నడిచి వచ్చే సవర పిల్ల. ఆ ఊళ్ళో కంప్యూటర్ తాకిన మొదటి మనిషి. మూడు రోజులు వరసగా ఆమె ప్రోగ్రామ్ తప్పింది, నాలుగోరోజు మనిషి లేదు. ఆ గుంటకు చదువు అబ్బలేదులే అనుకుంది రమణి. మాస్టారు సంతలో ఆ ఊరివాళ్ళను కలిసి ఏదో కనుక్కొచ్చారు, కూర్చుని టైపు చేశారు, అది పంపేలోగా మలేరియాతో మంచం ఎక్కారు.

ఉత్తరం పంపెయ్యమ్మా అని కబురొస్తే రమణి పళ్ళు నూరుకుంటూ ఫైలు తెరిచింది. నలభై రెండో ప్రతిపాదన.

"మా రాజకుమారి రాసిన వరుసను మీ యంత్రం ఇల్లీగల్ అంది. మా కొండల్లో ఆ మాట అడవి గార్డులు అంటారు. కట్టెలమోపు లాక్కున్నప్పుడు ఆమె తండ్రిని అన్నారు. ఈ పిల్ల బ్రాకెట్టు మరిచిపోయింది, నేరం చెయ్యలేదు. మాట మార్చగలరు."

రమణి పాత ఉత్తరాలన్నీ తీసింది. కోళ్ళగూటి బ్రాకెట్టు క్లాసులో సోమన్న మరిచినది. 'కాకపోతే' బుధు వదిలేసినది. ఒక్కొక్క ఉత్తరం ఒక్కొక్కరి తప్పు. ఏ ఉత్తరంలోనూ తప్పు పిల్లలది కాదు. ఇక పనిని చివర పెట్టినది సాక్షాత్తూ రమణే, చేరిన రోజున, బోర్డు మీద, అందరి ముందూ. మేడం రాసినదే సరైన వరస, భాషే తిరగబడిందని మాస్టారు ఆరోజు క్లాసుకు చెప్పారు. ఇన్నాళ్ళూ ఆమె అది నిజమనే అనుకుంటోంది.

ఉత్తరం పంపింది. ఐదోరోజు జవాబొచ్చింది: భాష మారదు, ఆ మాట మారుస్తాం.

రమణి చెప్పులు చేత్తో పట్టుకుని వాగు దాటి కొండెక్కింది. జవాబు సంగతి చెబితే రాజకుమారి నమ్మలేదు.

"నా గురించి ఆళ్ళు మార్సీడమేటి మేడమ్?"

"మారుస్తామని రాశారు. నువ్వు రాకపోతే మారిందో లేదో ఎవరు చూస్తారు?"

మర్నాడు రాజకుమారి అందరికన్నా ముందొచ్చి తలుపు దగ్గర నిలబడింది.

మూడు నెలలకు కొత్త సీడీ వచ్చింది. రాజకుమారి కావాలనే ఒక బ్రాకెట్టు మరిచింది. తెరమీద 'ఈ వరుస నాకు అర్థం కాలేదు' అని ఇంగ్లీషులో పడింది. ఆమె రెండుసార్లు చదువుకుని నవ్వింది.

"మేడమ్, ఈసారి దానికే తెలీనేదట."

క్లాసంతా వచ్చి చూసింది. రమణి కళ్ళు తుడుచుకుని మాస్టారి వైపు తిరిగింది. ఆయన తెరకేసి ముఖం చిట్లించి చూస్తున్నారు.

"ఏం మాస్టారూ, బాగాలేదా?"

"బాగానే ఉందమ్మా. సివర 'అండి' ఏదీ?" అంటూ ఆయన కుర్చీ లాక్కుని, ఫోను వైరు తీసి కంప్యూటర్‌కు తగిలించారు.