గొంతు తగ్గించి చదివిన ఉత్తరాలు

మా కొత్తకోట పోస్టుమాస్టర్ సాబ్ పోయారు. పాలమూరులో నేను పాఠాలు చెప్పే బడి గేటు దగ్గరికి మా వైపు బస్సు కండక్టర్ వచ్చి ఆ మాట చెప్పాడు. "టీచరమ్మా, సాబ్ పొద్దుగాల నమాజు చేసుకొని కూసున్నోడు గట్లనే ఒరిగిపోయిండట. మీ అమ్మ నిన్ను ఎంటనే రమ్మన్నది." బోర్డు మీద లెక్క సగంలోనే వదిలేసి అదే బస్సెక్కాను.

ఆయన మాకు చుట్టం కాదు. అయినా ఇప్పుడు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నానంటే అది ఆయన వల్లే. అదెలాగో చెప్పాలి.

పన్నెండేళ్ల కిందటి మాట. మా పల్లె మగవాళ్లలో సగం మంది కృష్ణ మీద కడుతున్న డ్యాం పనికి పోయేవారు. మా బాపూ పోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మా పల్లెకింకా బడి రాలేదు. అమ్మకూ చదువు రాదు. బాపు ఉత్తరం వస్తే రెండు మైళ్లు నడిచి కొత్తకోట పోస్టాఫీసుకు పోయేవాళ్లం. సాబ్ అరుగు మీద కూర్చుని, ముక్కు మీది అద్దాలు సర్దుకుని, బుర్రకథ చెప్పేవాడిలా గట్టిగా చదివేవారు. అమ్మ చెప్పిన జవాబు రాసి, అది కూడా పైకి చదివి వినిపించేవారు. అరుగు మీది వాళ్లందరూ వినేవారు, నవ్వేవారు, "మా సలాము గూడ రాయి సాబ్" అనేవారు.

ఆ చుట్టుపక్కల జనానికి దిక్కయిన ఫోను ఆ పోస్టాఫీసులోనే ఉండేది. ఆడవాళ్లెవరైనా మాట్లాడటానికి వస్తే సాబ్ తన కుర్చీ వాళ్లకిచ్చి తాను నిలబడేవారు. ఫోను గొట్టాన్ని రుమాలుతో తుడిచి చేతికిచ్చేవారు.

ఒకరోజు మేం పల్లికాయ తెంపుతుంటే పోస్టు జవాను సైకిలు మీద వచ్చాడు. "మీకు ఫోనొచ్చింది. గంటల మళ్ల చేస్తరట." అమ్మ ఒడిలోని కాయలు ఒడిలోనే పెట్టుకుని పరుగెత్తింది. నేను వెనకాల.

ఫోను మోగింది. అమ్మ రెండు చేతులా పట్టుకుని వింది. ముఖం తెల్లబోయింది. బాపు ఎత్తు మీద నుంచి పడ్డాడట, కాలు విరిగిందట, దవాఖానలో ఉన్నాడట. తమ మనిషి మూడు గంటల బస్సుకు వస్తాడు, ఆపరేషనుకు కాళ్ల కడియాలు, మెడలో బంగారం అతనికిచ్చి పంపమన్నాడు అవతలివాడు.

సాబ్ ఫోను అందుకున్నారు. "గాయన నీ పక్కన్నే ఉన్నడా? తన బిడ్డను ముద్దుగ ఏమని పిలుస్తడో అడిగి చెప్పు."

అవతలివాడు "ఆయనకు తెలివి లేదు" అన్నాడట.

"అయితే డాక్టరును పిలువు."

లైను తెగిపోయింది.

"చెల్లె, వీడు మోసగాడు. ఫోనుకు కండ్లు లేవు, మనమే చూసుకోవాలె" అన్నారు సాబ్.

అమ్మ భగ్గుమంది. "మోసగాడైతే మా ఎర్రావు ఈనిందని వానికెట్ల ఎరుక? పొల్లకు దగ్గు తగ్గిందని ఎట్ల ఎరుక? అవన్ని చెప్పిండు సాబ్!"

సాబ్ ఒకసారి అరుగు వైపు చూశారు. మరుక్షణమే డ్యాం క్యాంపు పోస్టాఫీసుకు ట్రంకాల్ బుక్ చేశారు. లైను కలవడమంటే ఆ రోజుల్లో గంటల పని. ముగ్గురం ఆ నల్ల డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాం.

మూడు గంటల బస్సుకు తలకు తువ్వాల చుట్టుకున్న మనిషి ఒకడు దిగి నేరుగా లోపలికొచ్చాడు. అమ్మ కింద కూలబడి కడియాలు తీయబోయింది. సాబ్ ఇద్దరికీ మధ్య నిలబడ్డారు.

"ఒక్క గంట ఓపిక పట్టు చెల్లె. నా మాట తప్పయితే నా ఇల్లు అమ్మి నీ ఇంటాయనకు వైద్యం చేయిస్త."

"గంటల పానం పోతె?" అంది అమ్మ.

సాబ్ పక్కకు జరగలేదు. వచ్చినవాడితో మాత్రం మెత్తగా, "కూసో నాయినా, చాయ్ తాగు. లైను కలిసినంక నువ్వే మాట్లాడుదువు" అన్నారు. వాడు బీడీ తాగొస్తానని బయటికి పోయాడు. రోడ్డు మీద ఏదో లారీ ఆపి ఎక్కి వెళ్లిపోయాడు.

అప్పటికీ అమ్మకు నమ్మకం కుదరలేదు. బాపు ఎక్కడున్నాడో తెలిసినవాడు కూడా పోయాడని తల బాదుకుంది. పొద్దు వాలుతుండగా ఫోను మోగింది. సాబ్ విని, గొట్టం అమ్మ చెవి దగ్గర పెట్టారు. అవతల బాపు గొంతు. ఎందుకు పిలిచారో తెలియక, పని మధ్యలో లాక్కొచ్చారని విసుక్కుంటున్నాడు. అమ్మ, "తిన్నవా?" అంది. అంతే, వెక్కివెక్కి ఏడ్చింది.

మేం బయల్దేరబోతుంటే సాబ్ మమ్మల్ని ఆపారు. "తప్పు నాదే చెల్లె. గా తువ్వాలోడు మొన్న మూడు దినాలు గీ అరుగు మీదనే కూసున్నడు. ఎవలో మనిషి కోసం చూస్తున్న అన్నడు. నీ ఇంటి ముచ్చట్లన్ని నా నోటి నుంచే విన్నడు. మాఫ్ చెయ్యి" అన్నారు. వయసులో అంత పెద్దమనిషి మా అమ్మ ముందు తల వంచుకు నిలబడ్డారు. అమ్మ కంగారుపడి ఆయన చేతులు పట్టుకుంది.

ఆనాటి నుంచి ఆయన అరుగు మీద ఉత్తరాలు చదవలేదు. ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు దగ్గరికి వేసి, పక్కవారికి కూడా వినపడనంత మెల్లగా చదివేవారు. సంతోషపు కబురైనా అంతే. అంగడి రోజున పల్లెల వాళ్లందరికీ చెప్పేవారు: "ఎవడన్న ఫోను చేసి తొందరపెడితే, మీరు తొందరపడకుండ్రి. ఇంటోళ్లకే తెలిసింది ఒకటి అడుగుండ్రి."

నన్ను చూసి మాత్రం, "మీ అమ్మ ఉత్తరం ఇంకొకని నోట్ల ఎందుకు పడాలె బిడ్డా? నువ్వు నేర్చుకో" అన్నారు. ఆదివారం ఆదివారం పలకిచ్చి కూర్చోబెట్టారు. ఏడాది తిరిగేసరికి బాపు ఉత్తరం నేనే చదివాను. తర్వాత పెద్ద బడిలో చేర్పించమని బాపుకు స్వయంగా జాబు రాసిందీ ఆయనే.

నేను చేరేసరికి సాబ్‌ను మోసుకుపోయే జనాజా లేచింది. గోడ వారగా ఎక్కడెక్కడి పల్లెల ఆడవాళ్లో నిలబడి ఉన్నారు. అమ్మ వచ్చి నా భుజం పట్టుకుంది. హైదరాబాదు రోడ్డు మీద లారీలు ఆగాయి. ఒక్కొక్కరే భుజం మార్చుకుంటుంటే, మడి నుంచి అట్లే వచ్చిన మా బాపు, మోకాళ్ల దాకా బురదతో, ముందుకు జరిగి భుజం పెట్టాడు. రోడ్డు దాటి పల్లి చేల మధ్య బాటలోకి దిగేదాకా మరొకరికి ఇవ్వలేదు.