ఒక్కో సీటుకు ఒక మనిషి బరువు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ. ఆ రోజు స్టోర్‌లో కాంటా ముందు నిలబడ్డప్పుడు మాత్రం నాకు కోపం కూడా రాలేదు.

అప్పుడు నేను ఇటిక్యాల దాటాక హైవే పక్కన కడుతున్న ఒక వినోదాల పార్కులో స్టోర్ కీపర్‌ని. వనపర్తిలో డిగ్రీ చదివి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకుంటే చివరికి దొరికిన పని అది. గద్వాలలో ఒక గది, పొద్దున్నే బస్సు, రేకుల షెడ్డులో ఒక కుర్చీ. బోల్టులు, గ్రీజు డబ్బాలు, స్పానర్లు పొద్దున ఇచ్చి సాయంత్రం తిరిగి తీసుకునేదాన్ని. ఎవరైనా స్పానరు ఎక్కడో మరిచిపోయి చేతులూపుకుంటూ వచ్చారా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే.

మా పెద్దమ్మ, అంటే మా అమ్మకు సొంత అక్క, అదే సైటులో ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. ఆమె ఊరు గట్టు. ముఠాలో సగం మంది గట్టు చుట్టుపక్కల వాళ్లు, మిగతావాళ్లు తెలకపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లు. రోలర్ కోస్టర్ స్తంభాల కింద గుంతలు తవ్వింది వాళ్లే, కాంక్రీటు మోసి పోసింది వాళ్లే. పెద్దమ్మ బతుకంతా వలసలోనే గడిచింది. పుణె అన్నారంటే పుణె, బొంబాయి అన్నారంటే బొంబాయి. కూతురూ అల్లుడూ ఇంకా పుణెలో కూలి పనిలోనే ఉన్నారు, మనవరాలిని ఈమే పెంచుతోంది. పని కోసం ఎక్కడికి పోయినా ఆ పిల్లను వెంట తీసుకుపోవాల్సిందే, పిల్ల చదువు ప్రతిసారీ మధ్యలో ఆగాల్సిందే. పార్కు తెరిచాక ముఠా మొత్తానికీ లోపలే పని ఇస్తానని కాంట్రాక్టరు మాటిచ్చాడు. ఆ మాట పట్టుకునే పెద్దమ్మ పిల్లను గట్టు బడిలో పదో తరగతిలో కూర్చోబెట్టింది.

"ఈసారి పోరిని బడి మాన్పియ్య బిడ్డా. ఏమన్న గానీ, మాన్పియ్య," అనేది నాతో, చేతికి సిమెంటు అంటుకుని ఉండగానే.

డిజైన్ ఇంజనీరు హైదరాబాదు మనిషి. గీర లేదు, పాపం. మధ్యాహ్నం అన్నాల వేళ మా షెడ్డు నీడకొచ్చి, టిఫిన్ డబ్బా విప్పుకుని ఏవేవో చెప్పేవాడు. ఈ ఆట మొదట ఏదో మంచు దేశంలో పుట్టిందట. కట్టెలతో గుట్టంత ఎత్తు కట్టి, దాని మీద నీళ్లు పోసి, అవి గడ్డకట్టాక జారేవాళ్లట. ఆ తర్వాత ఇంకో దేశంలో గుట్ట మీద బొగ్గు గని. బొగ్గు నింపిన డబ్బాలు పట్టాల మీద వాటంతటవే కిందికి దొర్లిపోయేవట. ఖాళీ డబ్బాలను కంచర గాడిదలు మళ్లీ పైకి లాగేవి. వాటిని కిందికి నడిపించుకు రావడం దేనికని, వాటినీ ఒక డబ్బాలో నిలబెట్టి దింపేవాళ్లట. అది చూసి జనం మేమూ ఎక్కుతామని ఎగబడ్డారట.

"గాడిదలకు గూడ బండి పెట్టిండ్రా సారూ?" అంది పెద్దమ్మ. "మేము బొంబాయికి నిలబడే పోతిమి గదా!"

ముఠా అంతా పగలబడి నవ్వింది. ఇంజనీరుకు పొలమారింది.

"మరి మన బండికి మోటార్ యాడుంటది?" అని తెలకపల్లి ఆమె ఒకతి అడిగింది.

"బండిలో మోటారు ఉండదమ్మా. మొదటి గుట్ట మీదికి కింద నుంచి గొలుసు లాగుతుంది. అక్కడితో దాని పని అయిపోయింది. అక్కడి నుంచి పడ్డ ఊపుతోనే రెండో గుట్ట ఎక్కాలి, మూడోది ఎక్కాలి. అందుకే ఒకదానికంటే ఒకటి పొట్టిగా ఉంటాయి. గాలి, చక్రాల రాపిడి కలిసి ఆ ఊపును తినేస్తుంటాయి. బండిలో మనుషుల బరువుంటే ఆ ఊపు తొందరగా చావదు."

"మనుషుల బరువుతోని ఉరుకుతదా బండి!" అని పెద్దమ్మ బుగ్గన వేలేసుకుంది.

పట్టాలు బిగించడం అయింది. మనుషులను ఎక్కించే ముందు బరువులు పెట్టి నడిపి చూడాలి. దానికి మనిషి ఆకారంలో ఉండే నీళ్ల బొమ్మలు వస్తాయన్నారు. అవి ఏ రేవులో చిక్కుకున్నాయో, రాలేదు. ఇంజనీరు హైదరాబాదు పోతూ పోతూ జీపులోంచి తల బయటపెట్టి పెద్దమ్మతో ఒకే మాట చెప్పాడు. "ఒక్కో సీటుకు ఒక మనిషి బరువు ఇసుక నింపి, బస్తాలు కుట్టి పెట్టండి."

సరిగ్గా ఆ వారమే మా స్టోర్ కాంటా తూనికల ఆఫీసు ముద్ర కోసం గద్వాల పోయి ఉంది. వేరేవాళ్లయితే కాంటా వచ్చేదాకా ఆగేవాళ్లేమో. మా వాళ్లు ఎందుకు ఆగుతారు? మనిషి ఎత్తు జోకడం మా వాళ్లకు కొత్తా? జాతరలో మొక్కు తీర్చుకునేటప్పుడు మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి, ఎత్తుకు ఎత్తు బెల్లం జోకి అమ్మవారికి పెడతారు. ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. పెద్దమ్మ కూడా అలాగే చేసింది. మూడు గుంజలు పాతి, ఒక దూలం వేలాడదీసి, అటొక పలక ఇటొక పలక కట్టింది. ఒక పలక మీద ముఠాలో ఒకతి కూర్చోవడం, రెండో పలక మీది బస్తాలో ఇసుక పోయడం. రెండూ సమంగా నిలబడగానే బస్తా మూతి కుట్టేయడం.

జాతర లాగే ఉంది ఆ రోజు. "ఓయమ్మో, అది ఇంకింత తిన్నదే, ఇంకో గంపెడు పొయ్యిండ్రి!" అని ఒకరి మీద ఒకరు పరాచికాలు. ఎవరి బస్తాకు వాళ్లు తమ పాత చీర పేలిక ఒకటి చింపి కట్టారు. పెద్దమ్మ బస్తాకు ఆకుపచ్చ పేలిక. నేను షెడ్డు తలుపు దగ్గర నిలబడి నవ్వుకుంటూ చూశాను.

ఇంజనీరు తిరిగి వచ్చాడు. బస్తాలను సీట్లలో పెట్టి, పట్టీలు బిగించి, బండి వదిలారు. గొలుసు కటకటమంటూ మొదటి గుట్ట మీదికి లాగింది. పైన ఒక్క క్షణం ఆగినట్టుండి దబ్బున పడింది. మేమందరం ఒక్కసారి కేక వేశాం. కింది దాకా వచ్చి, రెండో గుట్ట ఎక్కింది. ఎక్కుతూ ఎక్కుతూ నెమ్మదించింది. శిఖరానికి ఇంకాస్త దూరంలో ఆగింది. ఆగి, వెనక్కి జారడం మొదలుపెట్టింది. అటు ఎక్కి ఇటు జారి, ఇటు ఎక్కి అటు జారి, చివరికి రెండు గుట్టల నడుమ పల్లంలో నిలబడిపోయింది. బస్తాలు వరసగా కూర్చుని ఉన్నాయి, పేలికలు గాలికి ఊగుతున్నాయి.

"అవ్వో, మనమే ఆగిపోయినం గదనే!" అని ఒకామె నెత్తి కొట్టుకుంది.

అవి వాళ్లే కదా మరి. వాళ్ల ఎత్తు, వాళ్ల చీర పేలికలు.

ఇంజనీరు చక్రాలు విప్పించాడు, గ్రీజు మార్పించాడు, పట్టాలకు దారం పట్టి చూశాడు. ఎక్కడా తప్పు దొరకలేదు. మళ్లీ వదిలితే మళ్లీ అక్కడే ఆగింది. కాంట్రాక్టరుకు మాత్రం వెంటనే తప్పు దొరికింది. "స్తంభాలు కుంగాయి. పునాదుల్లో సిమెంటు తక్కువ పోశారు. ఈ ముఠా తిన్నది," అన్నాడు అందరి ముందూ. శనివారంలోగా సామాను సర్దుకొమ్మన్నాడు. నాగర్‌కర్నూల్ నుంచి వేరే ముఠాను తెప్పిస్తానన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. స్టోర్‌లోంచి సిమెంటు ఇచ్చింది నేను, ఖాళీ సంచులు లెక్కపెట్టి తీసుకుంది నేను. ఆ మాటే గట్టిగా అరిచి చెప్పాను. "నీ పెద్దమ్మ కాబట్టి అంటున్నావు," అని పోయాడు. నేను పళ్లు కొరుక్కుంటుంటే, పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

"ఊకో బిడ్డా. నీ నౌకరి గూడ పోతది. పుణెల పని ఉన్నదని ఫోన్ వచ్చింది. పోత." చేతికంటిన సిమెంటు కొంగుకు తుడుచుకుంటూ, "పోరి పరీక్షలు గానియ్యక పోతి, గదే పరేషాన్," అంది. అన్నాళ్లలో ఆమె కళ్లనీళ్లు నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు కాంటా గద్వాల నుంచి తిరిగి వచ్చింది. బండిలోంచి దింపిన బస్తాల్లో ఒకటి కొక్కేనికి చిరిగి ఇసుక కారుతుంటే, ఎంత పోయిందో మళ్లీ అంత నింపుదామని నా దగ్గరికి తెచ్చారు. ఎంత ఉండాలో తెలియాలి కదా, చిరగని బస్తా ఒకటి తెచ్చి కాంటా మీద పెట్టమన్నాను. ఆకుపచ్చ పేలిక బస్తా. ముప్పై ఎనిమిది కిలోలు చూపించింది.

కాంటా చెడిపోయిందనుకున్నాను. ముద్ర వేసి పంపినవాళ్లను నాలుగు తిట్టాను. ఇంకో బస్తా పెట్టించాను. దాదాపు అంతే. ఇంకోటి. ఇంకా తక్కువ.

"పెద్దమ్మా, జర నువ్వెక్కు," అన్నాను.

"నేనెందుకే?" అంటూనే చెప్పులు విడిచి ఎక్కింది. ముప్పై ఎనిమిది.

కాంక్రీటు గంపను ఒంటిచేత్తో నెత్తికెత్తుకునే మనిషి. నిచ్చెన మీద నిలబడి ఇద్దరు మగవాళ్లకు అందించే మనిషి. చిన్నప్పుడు నన్ను భుజం మీద వేసుకుని గట్టు సంతంతా తిప్పిన మనిషి. నేను ముల్లు వైపు చూస్తాను, ఆమె వైపు చూస్తాను, మళ్లీ ముల్లు వైపు. ఇన్నేళ్లూ ఆ ఒంటి మీద చీర కుచ్చిళ్లనే చూశానా నేను, లోపల మనిషిని చూడనే లేదా అనిపించింది.

"ఏందే, గట్ల చూస్తున్నవ్? తప్పు జోకినమా?" అంది భయంగా.

"లేదు పెద్దమ్మా. సరిగ్గ జోకిండ్రు," అన్నాను.

ఆ బస్తాను ఇద్దరితో మోయించుకుని నేరుగా ఇంజనీరు దగ్గరికి పోయాను. కాంట్రాక్టరూ అక్కడే ఉన్నాడు.

"సారూ, మీ లెక్కలో మనిషంటే ఎంత?"

"డెబ్బై ఐదు. ఎందుకు?"

"ఏ ఊరి మనిషి సారూ?"

ఆయనకు అర్థం కాలేదు. పేలికలు చూపించి, తక్కెడ సంగతి, ఎవరి ఎత్తు వాళ్లు జోకిన సంగతి చెప్పాను. ఆయన చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టేశాడు. బస్తా వైపు చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమ్మ వైపు చూశాడు. "ఇది పిల్లల బరువమ్మా," అన్నాడు, గొణుగుతున్నట్టు. పునాదులు బాగానే ఉన్నాయనీ, చక్రాలు కొత్తవి కావడంతో బిగువుగా ఉండి, ఎదురుగాలి కూడా తోడై, ఇంత తక్కువ బరువుతో బండి ఊపు చచ్చిపోయిందనీ తనే చెప్పాడు.

"చూశారా, బస్తా నింపడం కూడా చేతకాదు వీళ్లకు," అన్నాడు కాంట్రాక్టరు.

అప్పుడొచ్చింది నాకు కోపం. ఏమేమన్నానో అన్నీ ఇక్కడ రాయలేను. ఒక మనిషి బరువన్నారు, ఒక మనిషి బరువే పెట్టారు, ఇందులో చేతకానిది ఎవరికని అడిగాను. మీ పని చేసి చేసి ఇంతే మిగిలారు, కావాలంటే మీరెక్కండి కాంటా అన్నాను. ఇంజనీరు నన్ను ఆపలేదు. కాంట్రాక్టరు ఫోను చెవికి పెట్టుకుని బయటికి పోయాడు. శనివారం మాట మళ్లీ ఎత్తలేదు. తప్పయిందని మాత్రం ఈ రోజు వరకూ అనలేదు.

ముఠా మళ్లీ గుంజలు పాతి ఇంకా అన్నే బస్తాలు నింపింది. ఈసారి ఒక్కో సీటుకు రెండు. పట్టీ బిగిస్తూ పెద్దమ్మ చెయ్యి ఆగింది.

"ఇద్దరం గలిస్తె గాని ఒక్క మనిషిమి గామా బిడ్డా?" అని అడిగింది. వెక్కిరింపేమీ లేదు ఆ గొంతులో, నిజంగానే అడిగింది. నేను పట్టీ రెండో కొస అందుకుని బిగించాను.

బండి రెండో గుట్ట దాటింది, మూడోదీ దాటింది, చుట్టూ తిరిగి వచ్చి నిలబడింది. ముఠా ఈలలు వేసి గంతులేసింది.

పార్కు తెరిచారు. ముఠాకు లోపలే పనులు దొరికాయి. పెద్దమ్మకు రోలర్ కోస్టర్ దగ్గరే పని, జనాన్ని సీట్లలో కూర్చోబెట్టి పట్టీలు బిగించడం. పేలికలు కట్టిన మొదటి విడత బస్తాలు పారేయవద్దని ఇంజనీరు పోతూ పోతూ చెప్పాడు. చలికాలం పొద్దున, ఎదురుగాలి ఉన్నప్పుడు, బండిలో బరువు తక్కువైతే కొన్ని సీట్లలో రెండేసి బస్తాలు పెట్టి పంపమన్నాడు. పట్నం జనం వచ్చిన రోజుల్లో వాటి అవసరమే పడేది కాదు. అవి నా స్టోర్‌లో ఒక మూలన, పేలికలతోనే, పడి ఉండేవి.

చలికాలంలో ఒక పొద్దున గట్టు బడి నుంచి పదో తరగతి ఆడపిల్లలు బస్సులో వచ్చారు. పెద్దమ్మ మనవరాలూ ఉంది వాళ్లలో, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. బస్సు దిగగానే "అవ్వా!" అని అరుచుకుంటూ ఉరికి వచ్చింది. పెద్దమ్మ పిల్లను దగ్గరికి తీసుకుని, తల నిమిరి, వెనకాల వరసలో నిలబడ్డ పిల్లలందరినీ ఒకసారి పరికించి చూసింది. గాలి బాగా వీస్తోంది. నేరుగా నా షెడ్డు వైపు నడిచి వచ్చింది.

"బస్తాలు తియ్యి బిడ్డా," అంది.

"ఎన్ని పెద్దమ్మా?"

"అన్నీ," అంది. వంగి, ఆకుపచ్చ పేలిక బస్తాను తనే భుజానికెత్తుకుంది. దాన్ని తీసుకుపోయి మనవరాలి పక్క సీటులో పెట్టి, మీద ఇంకోటి వేసి, పట్టీ బిగించింది. ఆ తర్వాత ఒక పిల్ల, రెండు బస్తాలు, ఒక పిల్ల, రెండు బస్తాలు, అలా చివరి సీటు దాకా. బండి కదిలింది. పిల్లలు కేరింతలు కొడుతూ రెండో గుట్ట దాటారు. నేను స్టోర్ తలుపు దగ్గర నిలబడి చూశాను. నా వెనక మూల ఖాళీగా ఉంది, ఒక్క బస్తా కూడా మిగల్లేదు.