సత్తిబాబు చేతి మీద ఆ చెయ్యి

నిన్న పొద్దున్నే ఫోన్. "సత్తిబాబు పోయాడు" అన్నారు.

ఏ సత్తిబాబు అని అడిగాను. తెలిసే అడిగాను. మనసు ఒప్పుకోవద్దూ?

హార్ట్ ఎటాక్ అట. మొన్న సాయంత్రం కూడా తిట్టాడు నన్ను. "ఆ నెగటివ్‌లు బూజు పట్టిపోతాయి, స్కాన్ సేయించవేటి బావా" అని.

స్టీల్ ప్లాంట్‌లో ఇద్దరిదీ ఒకే షిఫ్ట్. సెలవొస్తే కెమెరాలు మెడలో వేసుకుని బండి మీద భీమిలి పోవడమే. తొంభైల్లో ఇద్దరివీ ఫిల్మ్ కెమెరాలే. తర్వాత వాడు డిజిటల్ కొన్నాడు, నేను మారలేదు. గొడవ అక్కడ మొదలైంది.

"నాను నొక్కితే అప్పుడే తెలిసిపోద్ది. నువ్వు నొక్కితే మూడ్రోజులు దేవుడికి దణ్ణాలెట్టుకోవాల" అనేవాడు.

"ఫొటోలు తీస్తన్నావా, టకటకా పల్లీలు ఒలుస్తన్నావా?" అనేవాణ్ణి.

ఒక్క రోజు మాత్రం వాడి డిజిటలే కావాల్సొచ్చింది.

తుపాను గాలి. భీమిలి ఒడ్డంతా జనం. నూకరత్నం అనే జాలరావిడ వాళ్ళది తప్ప, వేటకెళ్ళిన పడవలన్నీ వచ్చేశాయి. రాని ఆ పడవలో ఆవిడ మొగుడు, మరిది, కొడుకు.

చాలాసేపటికి వానలో దూరంగా పడవ కనపడింది. తమదేనని గుర్తుపట్టింది. మనుషులే కంటికి ఆనడం లేదు.

సత్తిబాబు జూమ్ లాగి నొక్కాడు. స్క్రీన్ మీద ఫొటో పెద్దది చేశాడు.

"ఎంతమంది ఉన్నారు? సెప్పు బాబూ!" నూకరత్నం వాడి మణికట్టు పట్టేసుకుంది.

నేనూ తొంగిచూశాను.

ఇద్దరే.

వాడు ఆ మాట అనలేదు. "ఉండమ్మా, అల అడ్డొచ్చింది" అని మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఇద్దరే. గాలికి కెమెరా కదిలి ఇంకో ఫొటో అలికేసినట్టు వచ్చింది. ఆవిడ పట్టు వదల్లేదు. నా మెడలో ఫిల్మ్ కెమెరా ఉండి ఏం లాభం?

పడవ అల మీదికి లేచింది. నొక్కాడు.

మూడో మనిషి! వంగి నీళ్ళు తోడుతున్నాడు. డబ్బా ఎత్తి పారబోసేటప్పుడు దొరికాడు.

"ముగ్గురూ ఉన్నారమ్మా! ఇదుగో, సూసుకో!"

వాడు అలా అరుస్తుంటే నేను ఒకే ఒక్కసారి నొక్కాను. వాడి మొహం మీద.

పడవ ఒడ్డుకి చేరాక ఆ ఫొటోలన్నీ డిలీట్ కొట్టేశాడు. ఓరి నీ దుంపతెగ, ఎందుకురా అన్నాను.

"మడుసులొచ్చేసారు కద బావా, ఇంక బొమ్మలెందుకు?"

నిన్న వాళ్ళమ్మాయి ఏడుస్తూ, "మావయ్యా, నాన్నది ఒక్క మంచి ఫొటో దొరకట్లేదు" అంది. ఎలా దొరుకుతుంది? వాడెప్పుడూ కెమెరా వెనకాలే. ఆ రోజు నేను తీసిన నెగటివ్ పట్టుకుని స్టూడియోకి పరిగెత్తాను.

"ఎవరో ఆడమనిషి చెయ్యి పడింది సార్. కట్ చేసేద్దామా?" అన్నాడు స్టూడియో ఆయన.

"ఉంచండి" అన్నాను.

ఇప్పుడు దండ ఆ ఫొటోకే వేశారు బావా. నూకరత్నం చెయ్యి నీ మణికట్టు మీద అలాగే ఉంది.

ఆ రోజు గెలిచింది నీ డిజిటలే, ఒప్పుకుంటున్నా. నిన్న నా ఫిల్మ్ గెలిచింది. ఇలా గెలవాలని నేనెప్పుడైనా అనుకున్నానా బావా?

వెళ్ళిరా. గాలీ వానా లేని ఒడ్డున నీ మనసు నెమ్మదిగా ఉండాలి.