నడకల పంతులు

వెన్నుకు దెబ్బ తగిలిన ఎలుకలు మళ్లీ ఎలా నడుస్తున్నాయో చూసి మార్కులు వేయడం ఆయన ఉద్యోగం. ల్యాబులో అందరూ నడకల పంతులు అంటారు. ఎలుకను గాజు పెట్టెలో అడ్డంగా పరిచిన సన్నటి ఊచల నిచ్చెన మీద వదిలి, గాజుకు ముక్కు ఆనించి కూర్చుంటాడు. వెనక కాలు ఊచల మధ్య జారితే చాలు, "సోమరిపోతు" అని పెదవి విరిచి మార్కు కోస్తాడు. చిటికెనవేలు ఈడ్చినా ఆయన కంట పడక తప్పదు.

ఆ కళ్లే డైరెక్టరుగారు ఎదురైతే నేలకు అతుక్కుపోతాయి. అడుగులకు మడుగులొత్తడం పంతులుకు వెన్నతో పెట్టిన విద్య. మోకాలికి ఆపరేషనయి డైరెక్టరుగారు ఎడమకాలు ఈడుస్తూ వచ్చిననాటి నుంచి, వెనకే నడిచే పంతులు కూడా ఎడమకాలు ఈడ్చసాగాడు. పెద్దాయన్ని దాటిపోతే మర్యాదగా ఉండదు మరి. కొన్నాళ్లకు డైరెక్టరుగారి మోకాలు బాగుపడింది. పంతులు కుంటినడక మాత్రం అలాగే ఉండిపోయింది. ఒకరోజు నిచ్చెన దగ్గర డైరెక్టరుగారు ఆగి, "ఏమయ్యా, ఆ కాలేంటి అలా ఈడుస్తున్నావు?" అన్నారు.

పంతులు చేతులు కట్టుకున్నాడు. "మానెయ్యమంటారా సార్?"

గాజు వెనక, వెన్ను విరిగిన ఎలుక ఎవరినీ అడక్కుండానే ఒక్కో ఊచా పట్టుకుని నిచ్చెన దాటేసింది.