హాజరు పట్టీలో పన్నెండో పేరు

నిన్న కామారెడ్డిలో బస్సు దిగి గంజ్ మార్కెట్ మీదుగా నడుస్తుంటే కొత్త బెల్లం వాసన ముక్కుకు తగిలింది. చేతిలో దరఖాస్తు ఫైలు ఉంది. మీటింగుకు ఇంకా ఇరవై ఐదు నిమిషాల టైముంది. నేను ఎక్కడికైనా ఇరవై ఐదు నిమిషాలు ముందే వెళ్తాను. అయినా కాళ్లు ఆగిపోయాయి. స్వరూప బడి నడిపింది ఎల్లారెడ్డిలో ఒక పాత బెల్లం గోదాములో. బెల్లం ఖాళీ అయి ఎన్నో ఏళ్లయినా గోడల్లో తీపి మిగిలి ఉండేది. ఎండలు ముదిరితే చీమలు బారులు కట్టేవి. స్వరూప వాటిని మందు కొట్టి చంపనిచ్చేది కాదు. "అవి మనకంటె ముందుగాల వచ్చినయ్, కిరాయి అడుగుతలేవు గద" అనేది. ఆమె పోయి మొన్న ఆదివారానికి ఏడాది రెండు నెలలు. నాకంటే ఇరవై ఆరేళ్లు చిన్నది, నాకు బాస్. ఆమెను చూడని వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను తహసీలు కచేరీలో ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆ బడికి రాతకోతలు చూసే మనిషి కావాలని తెలిసి వెళ్లాను. అక్కడ మూడు రకాల పిల్లలుండేవారు. వైకల్యం ఉందని మామూలు బళ్లు తిప్పి పంపినవాళ్లు, పరీక్ష తప్పో మనసు విరిగో నెలల తరబడి గది తలుపు తీయనివాళ్లు, బిచ్కుంద అవతలి మరాఠీ ఊళ్ల నుంచి ఇటుక బట్టీలకు వచ్చిన కూలీల పిల్లలు. హైదరాబాదు ఫౌండేషన్ ఒకటి ఇచ్చే గ్రాంటుతో బడి నడిచేది. స్వరూపకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమ మోకాలి మీద చెయ్యి ఆనించి నడిచేది. నేను నా సర్వీసు గురించి గొప్పగా చెప్పుకున్నాను. ఒక్క లెక్కా తప్పలేదన్నాను. అంతా విని ఒకటే అడిగింది.

"పింఛన్ల లిస్టులకెల్లి ఎంతమందిని కొట్టేసినవ్ అవ్వా?"

"రూలు ప్రకారమే కొట్టేసిన."

"రూలు సంగతి అడుగుతలేను. వాళ్ల పేర్లు యాదికున్నయా?"

లేవు. లేవనే చెప్పాను. "అబద్ధమైతె ఆడవు. రేపటి సంది రా" అంది.

ఆ బడిలో హాజరు తీసే పద్ధతి నేనెక్కడా చూడలేదు. టీచరు పేర్లు చదవదు. చెక్కల మీద గుండ్రంగా కూర్చున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పక్కవాళ్ల పేరు పిలవాలి. మొదటి పిల్లను స్వరూప పిలుస్తుంది, చివరి పిల్ల స్వరూపను పిలుస్తుంది. పిలిచినప్పుడు పక్కమనిషి లేకపోతే, పిలిచినవాళ్లే సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు రాలేదో కనుక్కోవాలి. పిలుపు అందనివాళ్లు ఎదురుగా ఉన్నా హాజరు కానట్టే. నేను ఆ వరుసకు బయట కుర్చీలో కూర్చుని పట్టీలో టిక్కులు పెట్టేదాన్ని. నాకు ఇదంతా పొద్దు వృథా అనిపించేది. నేను చదివితే రెండు నిమిషాల్లో అయ్యే పనికి పదకొండు నిమిషాలు పట్టేది.

పట్టీలో పదకొండో పేరు నరేష్. ఇంటర్ తప్పి, ఏడాది పాటు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడని పిల్లవాడు. పన్నెండు రుక్మిణి. బట్టీ నుంచి వచ్చిన పద్నాలుగేళ్ల మరాఠీ పిల్ల, పుట్టు చెవుడు. వచ్చిన కొత్తలో గోడకు వీపు ఆనించి కూర్చునేది. ఎవరు దగ్గరికెళ్లినా మోకాళ్లలో తల దాచుకునేది. నరేష్ పిలిస్తే ఆమెకు వినబడదు. నాలుగు రోజులు తంటాలు పడి ఒక ఉపాయం కనిపెట్టాడు. బస్తాలకు చెమ్మ తగలకుండా పూర్వం వేసిన చెక్కలే మా నేల. వాటి మీద మడమతో రెండుసార్లు తన్నేవాడు. ఆ అదురు తెలిసి రుక్మిణి తలెత్తేది. ఆమె తన పక్కనున్న సాయిలు భుజం తట్టేది. ఆ పిల్ల మాతో మాట్లాడిన మొదటి మాట ఆ తట్టడమే.

ఆ ఏడు గ్రాంటు పొడిగించడానికి ఫౌండేషన్ కొత్త ఫారం పంపింది. మూడు గడులు: యువతకు మానసిక ఆరోగ్యం, వికలాంగులకు చోటు, వలస వచ్చినవాళ్లకు ఆదరణ. ఒక పిల్లను ఒక గడిలోనే చూపాలి. పన్నెండు నెలలు ఇక్కడే ఉంటున్నట్టు కాగితం ఉండాలి. బట్టీ పిల్లల్లో మిగతావాళ్లు ఎల్లారెడ్డిలోనే ఉండిపోయినవాళ్లు, రుక్మిణి వాళ్లు మాత్రం వానలు పడేలోగా వెళ్లిపోతారు. రుక్మిణికి ఆ కాగితం లేదు. మూడు గడుల్లోనూ పడే పిల్ల ఏ గడికీ పనికి రాలేదు. ఇరవై ఆరు మందిలో తేడా వస్తే మిగతా ఇరవై ఐదుగురి గ్రాంటు పోతుందని నా భయం. ఎవరినీ అడగలేదు. స్కేలు పెట్టి హాజరు పట్టీలో ఆమె పేరు మీద ఎర్రగీత గీశాను. పదమూడు నుంచి ఇరవై ఆరు దాకా పద్నాలుగు నంబర్లు దిద్దాను. నీటుగా వచ్చిందని సంతోషించాను కూడా.

మర్నాడు మంగళవారం. ఫౌండేషన్ తరఫున ఒక అబ్బాయి చూడ్డానికి వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. హాజరు మొదలై నరేష్ దాకా వచ్చింది. నేను మెల్లగా చెప్పాను. "సాయిలును పిలువు."

"నడిమిట్ల రుక్మిణి ఉన్నది గద అవ్వా."

"పుస్తకంల లేదు."

"పుస్తకంల లేకుంటె ఏంది, నా పక్కకే కూసున్నది." నరేష్ కాలు కదపలేదు, సాయిలును పిలవనూ లేదు. రుక్మిణి చెక్క అదురు కోసం అరచెయ్యి నేలకు ఆనించి ఎదురుచూస్తోంది. సాయిలు తన భుజాన్ని ఆమె వైపు వంచి ఉంచాడు. వరుస అక్కడే ఆగిపోయింది.

స్వరూప మోకాలి మీద చెయ్యి వేసుకుని నా కుర్చీ దాకా వచ్చింది. పట్టీ చూసింది. తిడుతుందనుకున్నాను.

"గీత సక్కగొచ్చింది అవ్వా. చెయ్యి వణకలేదు" అంది. 

ఆ అబ్బాయి మర్యాదగానే చెప్పాడు. "మేడం, ఈ రూలు నేను పెట్టలేదు."

"నేను గూడ పెట్టలే సార్. పెట్టినోళ్లు ఇక్కడ లేరు, పిల్ల ఉన్నది." నా వైపు తిరిగింది. "రాయి అవ్వా. ఫారంల మూడు గడులల్ల రాయి."

"టోటల్ తప్పుతది."

"పిల్ల ఒక్కతే, తిప్పలు మూడు. నీ టోటల్ దేన్ని లెక్కపెడ్తదో అది నువ్వే చెప్పు."

రాశాను. పట్టీలో కొట్టేసిన పేరు పక్కన కూడా మళ్లీ రుక్మిణి అని రాశాను. నరేష్ రెండుసార్లు మడమతో తన్నాడు. అప్పుడు స్వరూప నా కుర్చీ మడిచి గోడకు ఆనించింది. "రేపటి సంది అవ్వ గూడ వరుసల కూసుంటది. రుక్మిణికీ సాయిలుకూ నడుమ." నన్ను రుక్మిణి ఒక్కతే పిలవాలి, ఇంకెవరూ పిలవొద్దంది. ఆ పిల్ల కాసేపు నా ముఖం చూసి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను వేలితో పైకి నెట్టుకుంటున్నట్టు చూపించింది. అదే నా పేరైంది. పిల్లలంతా నవ్వారు. నవ్వాలో వద్దో తెలియక నేను కళ్లద్దాలు పైకి నెట్టుకున్నాను. ఇంకా ఎక్కువ నవ్వారు.

గ్రాంటు రాలేదు. ఇది దాచవలసిన సంగతి కాదు. వివరాలకు పొంతన లేదని ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం అన్నం ఆగిపోయింది, పిల్లలు టిఫిన్లు తెచ్చుకున్నారు. బడి ఒక్కపూటకు తగ్గింది. నేను స్వరూపతో కోపంగానే అన్నాను, ఒక్క పేరు కోసం ఇరవై ఐదుగురి అన్నం పోయిందని. "అట్ల ఒక్కొక్కర్ని తీసేసుకుంట పోతె ఆఖరుకు ఫారమే మిగుల్తది అవ్వా" అంది.

వానలకు ముందు రుక్మిణి వాళ్లు ఊరికి వెళ్లిపోయారు. ఆమె పేరు కొట్టవద్దంది స్వరూప. నరేష్ రోజూ ఖాళీ చోటు పక్కన రెండుసార్లు తన్నేవాడు, కాసేపు ఆగేవాడు, తర్వాత నన్ను దాటి తానే సాయిలును పిలిచేవాడు. నన్ను పిలవవలసిన మనిషి లేదు. మరి నా హాజరు? స్వరూపను అడిగాను. "రూలు నీకు తెల్వదా?" అంది. నూట ముప్పై ఒక్క పనిదినాలు, గోదాములో కూర్చుని, నా చేత్తో నాకే గైర్హాజరు వేసుకున్నాను. లిస్టులో లేకుండా పోవడం ఎలా ఉంటుందో సర్వీసు మొత్తంలో నాకు తెలియలేదు. అక్కడ తెలిసింది. కచేరీలో నేను కొట్టేసిన పేర్లు గుర్తు తెచ్చుకోవడానికి రోజూ ప్రయత్నించేదాన్ని. తొమ్మిది దొరికాయి.

దీపావళి వెళ్లిన రెండో సోమవారం నరేష్ అలవాటుగా మడమతో తన్నాడు. నేను వంగి నా గైర్హాజరు వేసుకుంటున్నాను. పిల్లలు గోల చేస్తుంటే తలెత్తాను. గుమ్మంలో, కాళ్లకు ఇంకా దారి దుమ్ముతో, రుక్మిణి నిలబడి ఉంది. మెట్టు దాటి చెక్క మీద కాలు పెట్టి, నా వైపు చూసి, వేలు ముక్కు మీదికి తీసుకెళ్లింది.

ఇప్పుడు హాజరు నేనే మొదలుపెడతాను. చివరి పిల్ల ఈనాటికీ స్వరూపను పిలుస్తుంది. కాసేపు ఆగుతాం. ఆమె పేరు మీద గీత లేదు, నేనున్నంతవరకు ఉండదు.

నిన్న కామారెడ్డిలో ఇంకో ఫౌండేషన్ వాళ్లు, అవే మూడు గడులున్న ఫారం ముందు పెట్టారు. "అమ్మా, ఒకరికి ఒకే టిక్కు" అంది బల్ల అవతలి అమ్మాయి. ఎవరెవరికి ఎన్ని పడితే అన్ని పెట్టాను. ఆమె కూడి చూసి, పిల్లల సంఖ్యకు సరిపోవడం లేదంది. ఫారం వెనక్కి తీసుకుని, అడుగున నా దస్తూరీతో రాసి, సంతకం చేసి ఇచ్చాను: పిల్లలు ఇరవై తొమ్మిది, టిక్కులు నలభై ఒకటి. రెండూ సరిచూసుకున్నాను.